‘రష్’ ఒక్కటే తెలిసి పరీక్షకు పోయాను

నేను కడపలో స్టాఫ్ నర్సుని. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లో 7, రాయడంలో 6.5 రావాలి. మొదటిసారి మిగతావన్నీ వచ్చాయి. స్పీకింగ్ మాత్రం 6 దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నా చేతికొచ్చిన కార్డు మీద ఉన్నది ఇదీ: మీరు వెళ్లిన ఒక రద్దీ ప్రదేశం గురించి చెప్పండి.

ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. రద్దీ నాకు కొత్తా? పొద్దున లేస్తే ఓపీ ముందు చూసేదే. ఉగాదినాటి దేవుని కడప గుడి గుర్తొచ్చింది. ఆ రోజు ముస్లింలు కూడా కుటుంబాలతో వచ్చి స్వామిని దర్శించుకుంటారు, చెప్పడానికి ఎంత ఉంది! నోరు తెరిస్తే మాత్రం ‘టెంపుల్ వాజ్ రష్’, ‘వెరీ రష్’, ‘హెవీ రష్’. నిమిషం కూడా కాకముందే మాటలు అయిపోయాయి.

కోచింగ్‌లో సార్ నా రికార్డింగ్ విని, “అమ్మా, నువ్వు మాట్లాడింది తెలుగు రష్” అన్నారు. నిజమే. ‘బస్సు రష్‌గా ఉంది’ అంటే మనకు చక్కగా అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో రష్ అంటే ముందుగా తొందర, హడావుడి. బస్సు గురించి చెప్పాలంటే క్రౌడెడ్ అనాలి, కాలు పెట్టే సందు లేకపోతే ప్యాక్డ్ అనాలి. హెవీ అన్న మాట ట్రాఫిక్‌కు అతుకుతుంది, జనానికైతే హ్యూజ్ క్రౌడ్. మనం ‘పబ్లిక్ ఎక్కువున్నారు’ అంటాం కదా, అదీ అక్కడ చెల్లదు.

వారం పాటు నలభై మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ కొట్టాను. ఒక్కటీ సమయానికి నోటికి రాలేదు. అప్పుడు పద్ధతి మార్చి ఒక్కో మాటను కడపలో ఒక్కో చోట తగిలించాను. సాయంత్రం ఆర్టీసీ బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, సంచులు లోపలికి పోతాయి చూడండి, అది ప్యాక్డ్. పండగ ముందు వన్‌టౌన్ బట్టల అంగళ్ల వీధులు బస్లింగ్. ఈ రెండో మాట నాకు చాలా నచ్చింది. ‘కిక్కిరిసింది’ అంటే ఇబ్బంది, ‘కళకళలాడుతోంది’ అంటే సంతోషం. ఇంగ్లిష్‌లోనూ ఆ తేడా ఉందని అక్కడే తెలిసింది. క్యూ అన్న మాటకు ఫ్రెంచిలో అర్థం తోక అట. దేవుని కడపలో గుడి బయటికి వంకర్లు తిరిగి వచ్చే వరసను చూస్తే ఇక ఆ మాట మరిచిపోవడం కుదరదు.

ఒక మాక్ టెస్టులో ఒంటిమిట్ట కోదండరాముడి కళ్యాణం గురించి చెబుతూ ‘మాబ్ ఆఫ్ డివోటీస్’ అన్నాను. సార్ ఆపేశారు. మాబ్ అంటే అల్లరిమూక. నిలకడ లేని జనం అనే అర్థమున్న లాటిన్ మాటను కత్తిరించి చేసినదట. నాకు గుండె కలుక్కుమంది. అక్కడ రాత్రి వెన్నెట్లో కళ్యాణం జరుగుతుంది. మా అమ్మ మోకాళ్ల నొప్పితో, నా మోచెయ్యి పట్టుకుని నిలబడి, “బో జనం వచ్చినారు, ఇసకేస్తే రాలదు” అని మురిసిపోయింది. ఆమెను నేను మూకలో కలిపేశాను. పెద్ద గుంపు అనే అర్థంలో త్రాంగ్ అనొచ్చు, సీ ఆఫ్ పీపుల్ అనొచ్చు, అది అచ్చంగా మన జనసముద్రమే.

నర్సుగా నన్ను పట్టేసిన మాట ఇంకొకటి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయినప్పుడు మన పత్రికలు తొక్కిసలాట అన్నాయి, ఇంగ్లిష్‌వి స్టాంపీడ్ అన్నాయి. స్టాంపీడ్ అంటే పశువుల మంద బెదిరి పరుగెత్తడం. జనసమూహాల భద్రత మీద పనిచేసేవాళ్లు చాలామంది ఇలాంటి చోట్ల ఆ మాట వద్దంటారు, క్రౌడ్ క్రష్ అంటారు. చదరపు మీటరులో ఐదారుగురిని మించితే మనిషి కదలిక మనిషి చేతిలో ఉండదు. నాలుగు వైపుల ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు, ఊపిరి ఆడదు, నిలబడినవాళ్లు నిలబడినట్టే పోతారు. పరుగెత్తడానికి చోటే ఉండదు. స్టాంపీడ్ అంటే తప్పు జనం మీద పడుతుంది, క్రష్ అంటే జరిగింది చెప్పినట్టవుతుంది. ఇది చదివాక వార్డులో నేను స్టాంపీడ్ అనడం మానేశాను.

రెండోసారి వేరే కార్డు వచ్చింది, ఒక ప్రయాణం గురించి. భయపడలేదు. మా బస్టాండు, కిటికీలో కర్చీఫు చెప్పాను. చివరి భాగంలో పరీక్ష చేసే ఆమె, అంత రద్దీగా ఉన్నా జనం ఎందుకు వెళతారని అడిగింది. ఒంటిమిట్ట చెప్పాను. తలంబ్రాల వేళ ముందున్నవాళ్లు తమంతట తామే కూర్చున్నారని, వెనకున్న మా అమ్మకు స్వామి కనబడ్డాడని చెప్పాను. ఆమె టైమ్ చూసుకుని ఆపేవరకు మాట్లాడుతూనే ఉన్నాను. స్పీకింగ్‌లో 7 వచ్చింది.