రెండు స్టార్ల రాద్ధాంతం

ఈరోజు పనివేళల్లో ప్రత్యేకంగా రాసుకోవలసినదేమీ జరగలేదు కాని, మధ్యాహ్నం విరామంలో ఫోన్ తెరిచినప్పుడు కంటబడిన ఒక తగాదా రాత్రి వరకూ మనసులో నలుగుతూనే ఉంది. తన కొత్త నవల మీద ఎవరో పాఠకురాలు, పాఠకులు పుస్తకాలకు ఐదు స్టార్ల దాకా ఇచ్చి సమీక్షలు రాసుకునే గుడ్‌రీడ్స్‌ వెబ్‌సైటులో రాసిన నాలుగు వాక్యాల సమీక్షను ఒక రచయిత స్క్రీన్‌షాట్ తీసి, ఆమె పేరూ ఫొటో కూడా చెరపకుండా, వెటకారంగా ఒక మాట జోడించి వేలమంది అనుచరుల ముందు పెట్టారు. ఆ సమీక్షలో తిట్టన్నది ఒక్కటీ లేదు. మొదటి సగం ఆపకుండా చదివించిందనీ, చివరి మూడు అధ్యాయాలు హడావిడిగా చుట్టేసినట్టున్నాయనీ, తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లడానికి చూపిన కారణం నమ్మబుద్ధి కాలేదనీ, అయినా ఈ రచయిత తర్వాతి పుస్తకం తప్పక చదువుతాననీ రాసి ఆమె రెండు స్టార్లు ఇచ్చారు, అంతే. నేను సాయంత్రం మళ్లీ చూసేసరికి అభిమానులు ఆమె పాత సమీక్షలన్నీ తవ్వితీసి ఒక్కొక్కదాన్నే వెక్కిరిస్తున్నారు. దానికి ప్రతీకారంగా, ఆమెతో ఏ పరిచయమూ లేని మరో గుంపు వచ్చి, పుస్తకం అట్ట కూడా చూడకుండానే ఒక్కో స్టార్ చొప్పున గుమ్మరించి వెళ్లింది. ఆమె తన ఖాతాను ఎవరికీ కనబడకుండా మూసేసుకున్నారు. రచయిత సాధించిందల్లా తన పుస్తకం సగటు రేటింగ్‌ను తన చేతులతోనే కిందికి దింపుకోవడం.

ఇంతా చేసి, గుడ్‌రీడ్స్ కొలమానం ప్రకారం రెండు స్టార్లంటే ఫరవాలేదని, మూడంటే నచ్చిందని. అమెజాన్‌లో మాత్రం మూడు స్టార్ల సమీక్ష కూడా ప్రతికూలమైన వాటి జాబితాలోకే వెళుతుంది. 2013లో గుడ్‌రీడ్స్‌ను అమెజాన్ కొన్న తర్వాత కూడా ఈ రెండు కొలమానాలూ విడివిడిగానే ఉండిపోయాయి. రెండుచోట్లా తిరిగే రచయితకు ఈ తేడా తెలిసినా మనసుకు ఎక్కదు, ఎందుకంటే కంటికి కనబడేది నింపని మూడు స్టార్లే తప్ప నింపిన రెండు కావు.

ఇలాంటి గొడవలను కొన్నేళ్లుగా గమనిస్తున్న నాకు వీటి మూలం రచయితల అహంకారంలోనో, సమీక్షకుల దుర్మార్గంలోనో ఉందనిపించదు. పాఠకుడు మరో పాఠకుడికి చెప్పిన మాటను రచయిత తనకే చెప్పినట్టు స్వీకరించడంలో ఉందనిపిస్తుంది. "ఈ పుస్తకం కొనాలా, వద్దా, చదవడానికి కూర్చుంటే ఏం దొరుకుతుంది" అన్న ప్రశ్నకు సమాధానంగా సమీక్ష పుడుతుంది. అది రచయితకు ఇచ్చే సలహా కాదు, పరీక్ష పేపరు దిద్దడం అంతకన్నా కాదు. పుస్తకం అచ్చయిపోయింది, చివరి మూడు అధ్యాయాలను ఇప్పుడెవరూ సరిచేయలేరు. ఆ సంగతి రాసిన పాఠకురాలికీ తెలుసు. కాని అంతర్జాలంలో ఆ సంభాషణ రచయిత వినబడే దూరంలోనే జరుగుతుంది, పైగా కొన్నిసార్లు ఎవరో పనిగట్టుకుని ఆయన్ను ట్యాగ్ చేసి మరీ వినిపిస్తారు. తన గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే విని నిగ్రహించుకోవడం ఎంత స్థితప్రజ్ఞుడికైనా కష్టమే.

ఈ కోపాలు కొత్తవేమీ కావు. ఆంగ్ల కవి బైరన్ తొలి కవితా సంపుటిని 1808లో ఎడిన్‌బరో రివ్యూ పత్రిక, సమీక్షకుడి పేరు లేకుండా, చీల్చి చెండాడింది. ఆయన దానికి జవాబుగా 1809లో ఒక పెద్ద వ్యంగ్య కావ్యమే అచ్చువేశాడు. అందులో అసలు సమీక్ష రాసిన హెన్రీ బ్రూమ్‌ను వదిలేసి, అది పత్రిక సంపాదకుడు జెఫ్రీ పనేనని పొరబడి ఆయన మీద విరుచుకుపడ్డాడు. తర్వాత కోపం చల్లారి, ఆ కావ్యం కొత్త ముద్రణ బయటికి రాకుండా తనే ఆపించుకున్నాడు. ఇందులో నన్ను ఆకర్షించేది నడుమ గడిచిన ఏడాది కాలం. కోపానికీ జవాబుకీ మధ్య ఛందస్సు కుదర్చడం, ముద్రాపకుణ్ణి ఒప్పించడం, ప్రూఫులు దిద్దడం వంటి పనులన్నీ అడ్డుపడ్డాయి; అయినా గురి తప్పింది. ఇప్పుడు అలాంటి అడ్డంకి ఒక్కటీ లేదు. సమీక్ష చదివిన చేతిలోనే జవాబు రాసే పరికరమూ ఉంటుంది. 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో తన పుస్తకం మీద వచ్చిన సమీక్షకు కినిసిన అలాన్ డి బోటన్, ఆ సమీక్షకుడి సొంత బ్లాగుకు వెళ్లి, బతికినంత కాలం ద్వేషిస్తానన్నంత మాట రాశారు. అదే ఏడాది ఆలిస్ హాఫ్‌మన్, బోస్టన్ గ్లోబ్ సమీక్షకురాలి ఫోన్ నంబరును ట్విట్టర్‌లో పెట్టి, ఫోన్ చేసి అభిప్రాయం చెప్పండని పాఠకులను ఉసిగొల్పారు, ఆ తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. ఇద్దరూ అప్పటికే పేరుమోసిన రచయితలు. ఒక్క సమీక్షతో వాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు. పేరు ప్రతిష్ఠలు వస్తే చర్మం మందమవుతుందన్నది అపోహేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

పత్రిక సమీక్షకుల వెనుక కనీసం ఒక సంస్థ, ఒక సంపాదకుడు ఉంటారు. సరదాకు చదివి, సరదాకు రాసే పాఠకుల వెనుక ఎవరూ ఉండరు. కాథ్లీన్ హేల్ అనే అమెరికన్ రచయిత్రి తన తొలి నవలకు ప్రతికూల సమీక్ష రాసిన ఒక పాఠకురాలి అసలు వివరాలు కూపీ లాగి, ఆమె ఇంటి గుమ్మం దాకా వెళ్లి, ఆ సంగతంతా 2014లో గార్డియన్ పత్రికలో స్వయంగా రాసుకున్నారు. మారుపేరుతో రాయడం మోసమన్నది ఆమె వాదన. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మారుపేరు పెట్టుకోవడం రచయితలకు గౌరవమూ, పాఠకులకు నేరమూ ఎలా అవుతుంది? ఉద్యోగం, కుటుంబం, ఇరుగుపొరుగు అన్నీ ఉన్న మనిషి తన చదువును వాటికి దూరంగా ఉంచుకోవాలనుకోవడంలో వింతేముంది? నవల బాగోలేదన్న మాట అబద్ధమైతే మరో పదిమంది చదివి తేలుస్తారు; ఆ మాట అన్నవాళ్ల ఇల్లు ఎక్కడుందో తెలుసుకుంటే తేలేదేమీ లేదు.

మారుపేరు వేరు, ముసుగు వేరు. ముసుగుల విషయంలో రచయితల చరిత్రే ఎక్కువ మసకగా ఉంది. 2004లో అమెజాన్ కెనడా సైటులో సాంకేతిక లోపం వల్ల కొద్దిరోజులపాటు అజ్ఞాత సమీక్షకుల అసలు పేర్లు బయటపడినప్పుడు, కొందరు రచయితలు తమ పుస్తకాలను తామే వేనోళ్ల పొగుడుకున్న సంగతి అందరికీ తెలిసిపోయింది. 2010లో బ్రిటిష్ చరిత్రకారుడు ఓర్లాండో ఫైజెస్, తోటి చరిత్రకారుల పుస్తకాలను అమెజాన్‌లో దొంగపేరుతో తెగనాడిన సంగతి వెలుగులోకి రాగానే ముందు లాయరు చేత బెదిరింపులు పంపించి, తర్వాత అవి తన భార్య రాసినవని చెప్పి, చివరికి తానే రాశానని ఒప్పుకోవలసి వచ్చింది. 2023 డిసెంబరులో కెయిట్ కొరైన్ అనే తొలి నవలా రచయిత ఫేక్ అకౌంట్లు సృష్టించి తన తోటి కొత్త రచయితలకు ఒక్క స్టార్ రేటింగులు వేసి, తన పుస్తకానికి మాత్రం స్టార్లు పెంచుకున్న సంగతి బయటపడి, ఇంకా విడుదల కాని ఆ నవలను ప్రచురణ సంస్థ రద్దు చేసింది. నకిలీ సమీక్షలను నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఒక నిబంధన తెచ్చింది, మంచిదే. అయితే కొనుక్కున్న పొగడ్తలకు అది అడ్డుపడవచ్చు గాని, ఈరోజు నేను చూసినలాంటి గుంపు కోపానికి ఏ నిబంధన అడ్డుపడుతుంది? ఆ ఒక్క స్టార్లన్నీ వేసింది నిజమైన మనుషులే. కాకపోతే వాళ్లు పుస్తకం చదవలేదు.

చదవకుండా తీర్పు చెప్పడం దగ్గర పాఠకుల పక్షాన మాట్లాడటానికి నాకూ నోరు రాదు. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ తన కొత్త నవలను ప్రకటించగానే, కథ రష్యాలో జరుగుతుందన్న కారణంతో గుడ్‌రీడ్స్‌లో వందలకొద్దీ ఒక్క స్టార్ రేటింగులు పడ్డాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రావలసిన ఆ పుస్తకాన్ని ఆమె తానే వెనక్కి తీసుకున్నారు. యుద్ధంలో నలిగిపోతున్న ఉక్రెయిన్ పాఠకుల బాధ నిజమైనదే, ఆ బాధను వాళ్లు ఆమెకు తెలియజేయడం కూడా న్యాయమే. కాని దాన్ని తెలిపే చోటు రేటింగు కాదు. ఒక్క పేజీ కూడా ఎవరి చేతికీ రాని పుస్తకానికి స్టార్లు వేయనిచ్చే ఏర్పాటు ఎందుకు ఉండాలో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ముందస్తు ప్రతులు అందుకున్నవాళ్లకు తప్ప మిగతావారికి విడుదల రోజు దాకా ఆ గడి మూసి ఉంచడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. కాని విడుదలకు ముందు రేగే సందడి కూడా వ్యాపారమే కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంటుందని నా అనుమానం. 2013 సెప్టెంబరులో, పుస్తకం గురించి కాక రచయిత ప్రవర్తన గురించి రాసిన సమీక్షలను తొలగిస్తామని గుడ్‌రీడ్స్ ప్రకటించినప్పుడు పాఠకులు భగ్గుమన్నారు. రాసినవాళ్లకు ముందుగా చెప్పకుండా కొన్నిటిని తొలగించిన తీరు తప్పే గాని, ఆ గీత గీయడం మాత్రం సబబేనని నా అభిప్రాయం.

రాత్రి భోజనమయ్యాక, పోయిన వారం ముగించిన ఒక నవల మీద సమీక్ష రాయడానికి కూర్చున్నాను. "ఈ రచయితకు వృద్ధుల మనసు తెలియదు" అన్న వాక్యం చకచకా వచ్చేసింది. అది చదవడానికి పదునుగానే ఉంది, కాని అందులో పుస్తకం లేదు, మనిషి మాత్రమే ఉన్నాడు. ఆయనకు ఏం తెలుసో నాకెలా తెలుస్తుంది? దాన్ని కొట్టేసి, తాతగారు వచ్చిన ప్రతి సన్నివేశంలోనూ ఆయన నోట సుభాషితాలే తప్ప విసుగు గాని, ఆకలి గాని, అసూయ గాని ఒక్కసారైనా వినబడలేదని రాశాను. ఇలా రాస్తే వాక్యం పొడుగైంది, పస తగ్గలేదు సరికదా మరింత గట్టిదైంది, ఎందుకంటే కావాలనుకున్నవాళ్లు పుస్తకం తెరిచి ఆ సన్నివేశాలు చూసి నాతో విభేదించవచ్చు. రచయితను నొప్పించకుండా ఉండటం నా లక్ష్యం కాదు. రెండు స్టార్లే ఇచ్చాను. ఆయన్ను ట్యాగ్ చేయలేదు, ఎప్పుడూ చేయను.

ఆయన చదివితే ఏమవుతుందన్న ఆలోచన మాత్రం ఒక క్షణం రాకపోలేదు. జవాబు రాయవద్దనే గుడ్‌రీడ్స్ రచయితలకు చెబుతుంది, అనుభవజ్ఞులూ అదే చెబుతారు. వాస్తవ దోషం ఉంటే, అంటే సమీక్షకుడు వేరే పుస్తకాన్ని దీనిగా పొరబడటమో, రచయిత మీద గ్రంథచౌర్యం అంటగట్టడమో, వ్యక్తిగతంగా బెదిరించడమో జరిగితే, ఫిర్యాదు చేసే దారి వేరే ఉంది. మిగతా అన్నిటికీ మౌనమే తగిన జవాబు. కాని ఈ సలహా ఇచ్చే ప్రచురణకర్తలే కొత్త రచయితలను పిలిచి రోజూ ఆన్‌లైన్‌లో కనబడమంటారు, పాఠకులతో మాట్లాడమంటారు, వచ్చిన మంచి సమీక్షనల్లా పంచుకోమంటారు. మంచివి వెతుక్కుంటూ వెళ్లే మనిషికి చెడ్డవి కనబడకుండా ఎలా ఉంటాయి? నాకు తెలిసిన ఒక రచయిత్రి ఈ పనిని తన చెల్లెలికి అప్పగించారు. ఆ అమ్మాయి సమీక్షలన్నీ చదివి, ముగ్గురు నలుగురు ఒకే లోపాన్ని ఎత్తిచూపితే దాన్ని మాత్రం, స్టార్లూ పేర్లూ తీసేసి, తన మాటల్లో అక్కకు చెబుతుంది. తర్వాతి పుస్తకానికి పనికొచ్చేది అలా అందుతుంది, పరువు గొడవలన్నీ చెల్లెలి దగ్గరే ఆగిపోతాయి. అందరికీ అలాంటి చెల్లెళ్లు ఉండరు కాబట్టి, పుస్తకం వెలువడిన మొదటి నెలల్లో ఈ పని చేసిపెట్టడానికి ప్రచురణ సంస్థలు ఒక మనిషిని పెడితే వాటికయ్యే ఖర్చు ఒక ప్రకటన ఖర్చుకు మించదనుకుంటాను.