బెల్టు కీచుమంటోందా? ఎప్పుడు కీచుమంటోందో ముందు చూడండి

కారు ముందు భాగంలోంచి కీచుమని శబ్దం వస్తే మన దగ్గర చాలామంది వెంటనే ఫ్యాన్ బెల్టు మార్పించేస్తారు. ఆర్టీసీ గ్యారేజీలో ఇంజన్ల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, గట్టిగానే చెబుతాను: అరిచేది బెల్టే అయినా, జబ్బు చాలాసార్లు వేరే చోట ఉంటుంది.

ఈ మధ్య మా వీధి టీచరమ్మ కారు మా గేటు ముందు ఆపి, "బాబాయ్ గారూ, కొత్త బెల్టు వేయించినా మళ్లీ మొదలైంది, కాస్త చూస్తారా?" అంది. బానెట్ ఎత్తకముందే అడిగాను, "ఎప్పుడు వస్తోందమ్మా? పొద్దున స్టార్ట్ చేయగానేనా, ఏసీ వేసినప్పుడా, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడా?"

సగం పని ఈ ప్రశ్నలోనే అయిపోతుంది. ఆల్టర్నేటర్‌నీ, ఏసీ కంప్రెసర్‌నీ, స్టీరింగ్ పంపునీ ఇంజన్ తిప్పేది ఈ బెల్టుతోనే. స్టార్టింగుకి బ్యాటరీలోంచి పోయిన కరెంటును ఆల్టర్నేటర్ తిరిగి నింపాలి కాబట్టి మొదట్లో దాని మీద లోడు ఎక్కువ. ఏసీ వేస్తే కంప్రెసర్ లోడు తోడవుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే పంపు బరువెక్కుతుంది. ఆ సమయాల్లో "కీ..." అని సాగితే బెల్టు జారుతున్నట్టే. టెన్షన్, అంటే బెల్టు బిగువు, తగ్గి ఉండాలి, లేదా బెల్టు అరిగి ఉండాలి, లేదా ఆయిలో కూలెంటో దాని మీద కారుతూ ఉండాలి.

ఆమె మాత్రం, "ఎప్పుడూ వస్తుంది బాబాయ్ గారూ. స్లోలో ఉంటే పిచ్చుకలా కిచ్ కిచ్ అంటుంది, రేజ్ చేస్తే ఆ కిచకిచ ఇంకా వేగంగా వస్తుంది" అంది.

స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసుకుని, ఇంజన్ స్లోలో ఉండగా, చెయ్యి దూరంగానే ఉంచి బెల్టు గాళ్ల వైపు కొద్దిగా కొట్టాను. శబ్దం టక్కున ఆగింది. తడి ఆరేసరికి మళ్లీ మొదలైంది. ఇలా ఆగి తిరిగొస్తే పుల్లీలు, అంటే బెల్టు తిరిగే చక్రాలు, ఒకే వరుసలో లేవేమోనని చూడాలి. నీళ్లు పడగానే శబ్దం పెరిగితే టెన్షన్ చాలడం లేదు. నీళ్లతో ఏ తేడా రాకపోతే బేరింగుల సంగతి చూసుకోవాలి.

ఇంజన్ ఆపి, తాళం తీసి, టార్చి వేసి చూశాను. బెల్టు కొత్తదే, కానీ ఒక అంచున దారాలు లేచి ఉన్నాయి. ఆల్టర్నేటర్ పుల్లీకి ఒక పక్కనే నల్లటి రబ్బరు పొడి పట్టుకుంది. స్టీలు స్కేలు బెల్టు అంచు వెంబడి ఆనిస్తే, ఆల్టర్నేటర్ దగ్గరకొచ్చేసరికి బెల్టు దాదాపు 2 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉంది.

"ఆల్టర్నేటర్ ఎప్పుడైనా విప్పించారా అమ్మా?"

"ఎండాకాలంలో బేరింగులు వేయించాం."

తిరిగి బిగించేటప్పుడు బ్రాకెట్‌కీ దానికీ మధ్య ఒక వాషరు అదనంగా పడింది. అది తీసి బిగించి, అంచు పాడైన ఆ బెల్టు బదులు ఇంకోటి వేశాక కిచకిచ పోయింది. మొదటిసారే స్కేలు పెట్టి చూసి ఉంటే ఆ అమ్మాయికి ఒక బెల్టు ఖర్చు మిగిలేది. నాకు బాధ అనిపించేది అదే.

బేరింగు అనుమానమైతే బెల్టు తీసి, దాన్ని దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీని, బిగువు నిలిపే టెన్షనర్ పుల్లీని ఒక్కొక్కటీ చేత్తో తిప్పాలి. గరగరలాడినా, పక్కలకు ఊగినా మార్చాల్సిందే. కొన్ని డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ పుల్లీ ఒక దిక్కుకు తిప్పితేనే వదులుగా తిరుగుతుంది. అది దాని తీరే, పాడైందని మార్పించకండి.

పగుళ్లు లేవు కదా, బెల్టు బాగానే ఉందని కూడా అనుకోవద్దు. పాత నియోప్రీన్ బెల్టులు అరిగితే పగిలేవి. ఇప్పటి బెల్టుల్లో వాడే ఈపీడీఎం అనే రబ్బరు పగలకుండానే అరుగుతుంది, గాళ్లు వెడల్పవుతాయి, పట్టు పోతుంది. కొనేటప్పుడు పాత బెల్టు వీపు మీది నంబరు చూసుకోండి. 6పీకే 1210 అని ఉంటే 6 గాళ్ల బెల్టు, పొడవు 1210 మిల్లీమీటర్లు.

సబ్బు, గ్రీజు, బెల్టు స్ప్రే, ఏవీ పూయొద్దు. శబ్దం కాసేపు అణుగుతుంది, దుమ్ము మాత్రం పేరుకుంటుంది. ఇంజన్ నడుస్తుండగా చున్నీ, జడ, వదులు చొక్కా బెల్టు దగ్గరకు రానివ్వకండి. ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, అక్కడ వేళ్లు పెట్టొద్దు.

దారిలో కీచుమని అరిచి బ్యాటరీ లైటు వెలిగితే టెంపరేచర్ ముల్లు చూడండి. చాలా బళ్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. ముల్లు పైకి లేస్తుంటే బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి, పక్క ఊరిదాకా వెళ్దామని చూడకండి.