సొంత పాటల రాక్: ఒక్కరే ఐదుగురి పని

ఒడిశాలోని బరంపురంలో గిటారు పట్టుకున్నవాళ్లకు పనికి కొదవ లేదు. గణేశ్ పందిళ్లు, దసరా, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర, పెళ్లిళ్లు, ఎటు చూసినా మెలోడీ ప్రోగ్రాములే. కాకపోతే అక్కడ అడిగేది సినిమా పాట, అదీ ఎక్కువగా ఒడియాలోనో హిందీలోనో. తెలుగులో సొంతంగా రాక్ కట్టుకునేవాళ్లకు ఆ స్టేజీ కూడు పెడుతుంది గానీ పేరు పెట్టదు. రాసేది, వరస కట్టేది, పాడేది, రికార్డు చేసేది, అమ్మేది అంతా ఒక్కరే. ఈ ఐదు పనులకూ ఐదు లెక్కలుంటాయి. వాటిని కలిపేసుకున్న చోటే డబ్బూ, ఒళ్లూ కారిపోతుంటాయి.

ముందు కాగితం సంగతి. సాహిత్యం ఒక ఆస్తి, బాణీ ఒక ఆస్తి, రికార్డింగు మరొకటి. పాట పుట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగు దగ్గరే పేచీ. దానికి చట్టం దృష్టిలో కర్త పాడినవారు కారు, నిర్మాత. విశాఖ స్టూడియోలో ఎవరో స్నేహం కొద్దీ ‘డబ్బులు తర్వాత చూసుకుందాం’ అన్నారంటే, మాస్టర్, అంటే ఆ అసలు రికార్డింగు, ఎవరిదన్న ప్రశ్న ఆ రోజే మొదలైందన్నమాట. రికార్డింగు రాత్రే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: పాట పేరు, తేదీ, సాహిత్యంలో ఎవరెంత, బాణీలో ఎవరెంత, మాస్టర్ ఎవరిది. డ్రమ్మర్ వాయించినందుకు రోజుకూలి తీసుకున్నాడా, బాణీలో చెయ్యి వేశాడా అన్నది కూడా అందులోనే తేల్చండి. అవతలివాళ్లు ‘సరే’ అని జవాబివ్వాలి. పాట నాలుగు చోట్ల వినబడ్డాక అడిగితే ఎవరూ రాసివ్వరు.

పాటలు విడుదల చేసే కంపెనీల, అంటే లేబుల్ వాళ్ల, అగ్రిమెంటులో చూడాల్సింది రెండు మాటలు, గడువూ ప్రాంతమూ. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని మరిచిపోకుండా రాస్తారు. 2012 సవరణ తర్వాత రచయిత, సంగీతకర్త తమ రాయల్టీ వాటాను లేబుల్‌కు వదిలేస్తూ సంతకం పెట్టినా అది చెల్లదు. ఆ వాటా వసూలు చేసేది ఐపీఆర్ఎస్ అనే రచయితల, సంగీతకర్తల సొసైటీ. సభ్యత్వం తీసుకుని ఊరుకుంటే చాలదు, ప్రతి పాటనూ అక్కడ విడిగా నమోదు చేయాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

పాటను స్పాటిఫై వగైరాలకు పంపే డిస్ట్రిబ్యూటర్లలో కొందరు ఏడాది చందా తీసుకుంటారు. చందా ఆగితే పాట దిగిపోతుంది. మరో కంపెనీకి మారేటప్పుడు రికార్డింగును గుర్తుపట్టే పాత 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడే ఇవ్వండి, లేకపోతే విన్న లెక్క సున్నా నుంచి మొదలు కావచ్చు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడచిన 12 నెలల్లో 1,000 సార్లు వినబడకపోతే దానికి పైసా రాదు. కాబట్టి పది పాటలు ఒకేసారి కుమ్మరించడం కన్నా ఒక్కొక్కటే వదలడం నయం. స్పాటిఫై వాళ్ల ప్లేలిస్టులో పెట్టమని అడగాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే అడగాలి.

ఇంట్లో రికార్డింగుకు ఇక్కడ మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్. చిన్న చప్పుడునూ వదలని కండెన్సర్ మైకు దాని హోరును పూర్తిగా పట్టేస్తుంది. ఆపితే చెమట. అంత సున్నితం కాని డైనమిక్ మైకుతో దగ్గరగా, జానెడు దూరంలో పాడటం చాలావరకు గట్టెక్కిస్తుంది. మైకు ఎదురుగా, అంటే మీ వీపు వెనక, మందపాటి బొంత వేలాడదీయండి. 24 బిట్‌లో పెట్టుకుని, గట్టిగా పాడినప్పుడు కూడా సూది మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మీట, తగ్గించండి. నెమ్మదిగా వచ్చిందాన్ని పెంచుకోవచ్చు, పగిలిందాన్ని అతకలేం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లగానే గిటారులో జుయ్యిమంటే అది కరెంటును నునుపుగా ఇవ్వని స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. మామూలు కరెంటులోనూ గుయ్యిమంటుంటే ఆంప్, లాప్‌టాప్ వేరువేరు ప్లగ్గుల్లో ఉన్నాయేమో, ఆ ప్లగ్గులకు ఎర్త్ ఉందో లేదో చూడాలి.

బరంపురం పక్కనే సముద్రం ఒడ్డునున్న గోపాలపూర్ గాలికి తీగలు తుప్పు పడతాయి, అకూస్టిక్ గిటారు చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, ఒక్క వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డు పట్టడమే కష్టమవుతుంది. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు మంచిది. పెట్టెలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. వాయించాక తీగలు తుడవండి. అదే గిటారు చలికాలం కోరాపుట్ కొండల్లోకి వెళ్తే చెక్క కుంచించుకుని మెడ మీది లోహపు ఫ్రెట్ల అంచులు వేళ్లకు గీసుకుంటాయి. అంతమాత్రాన మెడ వంపు సరిచేసే రాడ్డు తిప్పేయకండి. ముందు తేమ సంగతి చూడాలి.

గొంతు పాడయ్యేది ఎక్కువ పాడినందుకని అందరూ అంటారు. మెలోడీ స్టేజీల మీద అసలు కారణం మానిటర్, అంటే పాడేవాళ్ల వైపు తిప్పిన స్పీకరు, లేకపోవడం. తన గొంతు తనకు వినబడనివాడు అరుస్తాడు. ఫీజు కాస్త తగ్గించుకునైనా ఒక మానిటర్ బాక్సు అడగండి. రాత్రి రెండింటికి బిర్యానీ తిని వెంటనే పడుకుంటే ఆమ్లం గొంతు దాకా వస్తుంది. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, అది కూడా శ్రమే. మూడు వారాలకీ తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గర గొంతు లోపలికి చూసే లారింగోస్కోపీ పరీక్ష చేయించుకోవాలి. చెవుల లెక్క ఇంకా కఠినం. 85 డెసిబెల్స్ 8 గంటలు భరించవచ్చు, శబ్దం పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. దూది పెట్టుకోవడం దండగ, ఇయర్‌ప్లగ్గులు కొనండి.

ఇక మనసు. పాట విడుదలైన వారం తర్వాత వచ్చే దిగులు చాలామందికి తెలిసిందే. నెలల తరబడి చేసిన పనికి ఎన్నిసార్లు విన్నారో చెప్పే చోట తెరమీద 63 అనే అంకె కనబడుతుంది, ఇంట్లో ఉద్యోగం ఊసు మొదలవుతుంది. అంకెలు వారానికొక్కసారి చూడటం, మెలోడీ సంపాదననూ సొంత పాటల ఖర్చునూ వేరే ఖాతాల్లో పెట్టడం కొంత ఊపిరినిస్తాయి. నిద్ర కరువై, తాగుడు పెరిగి, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ సేవ, టెలి మానస్. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ సేవ అందే భాషల్లో ఒడియాతో పాటు తెలుగూ ఉంది.