డయాలసిస్ తరువాత నేను ఎంచుకున్న ఉద్యోగం

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచినప్పుడు, వేళచ్చేరిలో మేమున్న వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. అప్పటికి నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మెడికల్ వార్డు నర్సును. రాగలిగినవారు డ్యూటీకి రావాలని కబురు రాగా, మడమ మీద చెప్పు కరిచిన పుండుతోనే ఆ నీళ్లు దాటి మెయిన్ రోడ్డుకు చేరాను. నీళ్లు తీసిన కొన్నాళ్లకు చలిజ్వరం మొదలైంది. తాకనివ్వనంత నొప్పితో పిక్కలు, పుసి లేకుండానే ఎర్రబారిన కళ్లు, ఆ వెనుకే కామెర్లు. వరదల తరువాత ఈ మూడూ కలిసి కనిపిస్తే డాక్టర్లు ముందుగా అనుమానించేది లెప్టోస్పైరోసిస్‌నే. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి చర్మం మీది గాయం ద్వారా ఒంట్లోకి చేరే ఆ సూక్ష్మజీవి, ముదిరితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ కలిపి దెబ్బతీస్తుంది. రక్తపరీక్షలో అదేనని తేలింది. సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టినా మూత్రం తగ్గుతూ వచ్చింది. మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే, మామూలుగా 1కి అటూ ఇటూగా ఉండే క్రియాటినిన్ 7 దాటింది. పడుకుంటే ఊపిరి అందకపోవడంతో, మెడ కుడివైపు సిరలోకి కాథెటర్ అనే గొట్టం వేసి నన్ను డయాలసిస్‌కు తీసుకువెళ్లారు.

ఆ యంత్రం గురించి అప్పటివరకు నాకు తెలిసినదంతా చదువుకున్నదే. రక్తం నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల చొప్పున బయటికి వచ్చి, దాన్ని వడగట్టే డయలైజర్‌లోని వేల సన్నని గొట్టాల గుండా తిరిగి ఒంట్లోకి పోతుందనీ, ఆ గొట్టాల వెలుపల ఎదురు దిశలో నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రావణం ప్రవహిస్తుందనీ, ఆ లెక్కన నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రావణం ఖర్చవుతుందనీ తెలుసు. రక్తంలోని యూరియా అనే వ్యర్థం ఒక్కసారిగా పడిపోతే మెదడు వాచే ప్రమాదం ఉన్నందున మొదటిసారి రెండు గంటలే నడుపుతారనీ తెలుసు. తెలియనిదల్లా, ఒంట్లో చేరిన అదనపు నీరు యంత్రం తీస్తున్నప్పుడు రక్తపోటు దిగిపోవడం ఆ మనిషికి ఎలా ఉంటుందన్నదే. నా విషయంలో అది తల తిరగడంతో మొదలుకాలేదు. ముందు ఎదుటివారి మాటలు పట్టకుండా పోయాయి, తరువాత ఆవలింతలు వచ్చాయి, ఆ తరువాత కాలివేళ్లు మెలితిరిగాయి. చెమటలు పట్టడం, కళ్లు బైర్లు కమ్మడం అన్నిటికంటే చివర వచ్చాయి. ఇదంతా ఒకసారి అనుభవించాక, మరోసారి నాగర్‌కోయిల్ నుంచి వచ్చిన సిస్టర్ డ్యూటీలో ఉంది. నేను రెండోసారి ఆవలించగానే ఆమె నా కాళ్లు ఎత్తుగా పెట్టి, నీరు తీయడం ఆపి, సెలైన్ వదిలింది. యంత్రం అలారం అప్పటికింకా మోగలేదు. బీపీ పడిపోయిందని తెరమీద సంఖ్య కనబడేసరికి ఆమె చేయవలసిన పని చేసేసింది.

నా పక్కన శ్రీకాళహస్తి వైపు పెద్దాయన ఒకరు పడుకునేవారు. షుగరు వల్ల మూత్రపిండాలు పోయి, డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా ఎడమచేతికి వేయించుకుని, కొన్నేళ్లుగా వారానికి మూడుసార్లు వస్తున్నారు. నేను తెలుగులో మాట్లాడటం విని పలకరించి, నర్సునని తెలిశాక ఒకరోజు అడిగారు: "మీ కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయంట గదమ్మా. మరి మాయి?" ఏదో ఒక ధైర్యం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆయన గొంతులో ఓదార్పు కోసం వెతుకులాట లేదు. "నాకు ఉన్నట్టుండి తగిలిన దెబ్బ పెద్దయ్యా, అందులో కణాలు మళ్లీ పుట్టుకొస్తాయి. షుగరుతో ఏళ్ల తరబడి గట్టిపడినవి తిరిగి రావు. కిడ్నీ మార్పిడి గురించి డాక్టరుగారితో మాట్లాడారా?" అన్నాను. గుండె బలహీనంగా ఉన్నందున తనకు మార్పిడి కుదరదన్నారనీ, ఇంట్లోవాళ్లు మాత్రం తగ్గిపోతుందనే చెబుతుంటారనీ అన్నారు. ఆ తరువాత చాలాసేపు తన మామిడితోట గురించి మాట్లాడారు.

జనవరిలో నాకు మూత్రం తిరిగి రావడం మొదలైంది. కోలుకుంటున్న మూత్రపిండాలు నీటిని బయటికి వదలగలవు గానీ అవసరమైనంత పట్టి ఉంచడం వాటికి వెంటనే చేతకాదు. అందుచేత రోజుకు మూడు నాలుగు లీటర్లు పోయేది. కాథెటర్ తీసి ఇంటికి పంపారు. మా వారికి ఆఫీసు తప్పదు, గూడూరు నుంచి వచ్చిన అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, కనుక ఇంటికి వచ్చి చూసే నర్సును పెట్టుకున్నాం. నాకంటే చాలా చిన్నదైన ఆ కడప అమ్మాయి వచ్చిన రోజునే నాకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. పై సంఖ్యలో తేడా 20కి మించి ఉండటంతో నేరుగా వంటగదిలోకి వెళ్లి, "అక్కకు రోజుకు నీళ్లు ఎన్ని ఇస్తున్నారమ్మా?" అని అత్తయ్యను అడిగింది. కిడ్నీ జబ్బువాళ్లకు నీళ్లు కొలిచి ఇవ్వాలని ఎవరి దగ్గరో విన్న అత్తయ్య, నా మీది ప్రేమతోనే, రోజుకు ఒక్క చెంబుతో సరిపెడుతోంది. నీరసంతో మగతగా పడి ఉన్న నాకు ఇచ్చినది తాగడం తప్ప లెక్క వేసే ఓపిక లేదు. నీళ్లు బాగా తాగించాలని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది, కానీ అది ఇంగ్లీషులో ఉంది, అత్తయ్యకు తెలుగే వచ్చు. ఆ అమ్మాయి డాక్టరుకు ఫోను చేసి, పోయిన మూత్రానికి తగ్గట్టు ఎన్ని నీళ్లు ఇవ్వాలో అడిగి, గోడ మీది క్యాలెండరులో తెలుగులో రాసిపెట్టింది, పొటాషియం పరీక్షకు రక్తం తీసుకువెళ్లింది. ఆస్పత్రిలో ఎంత నేర్పరి ఉన్నా మా వంటగదిలోని చెంబు వారికి కనబడేది కాదు.

మూడు నెలల పరీక్షలో క్రియాటినిన్ 1.1కి దిగింది. నొప్పి మాత్రల జోలికి పోవద్దని, రాత్రి డ్యూటీలు కొంతకాలం మానుకోమని డాక్టరు చెప్పడంతో వార్డు ఉద్యోగం వదలవలసి వచ్చింది. అప్పుడు ఇళ్లకు వెళ్లే హోమ్ కేర్ ఉద్యోగం ఒకటి, డయాలసిస్ యూనిట్‌లో పగటి షిఫ్టు ఒకటి దాదాపు ఒకేసారి ముందుకు వచ్చాయి. హోమ్ కేర్ వైపు నా మనసు బాగా లాగింది. ట్రకియాస్టమీ సక్షన్ (గొంతుకు వేసిన శ్వాస గొట్టంలోని కఫం తీయడం), రైల్స్ ట్యూబు ఫీడింగ్ (ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం), పడక పుండ్ల డ్రెస్సింగ్ వంటి వేర్వేరు పనులు ఒకే రోజు చేయవలసి రావడం, పక్కన డాక్టరు లేనిచోట సొంత బుద్ధితో నిర్ణయించవలసి రావడం నర్సును పదునెక్కిస్తాయి. నర్సు చేత గిన్నెలు కూడా తోమించబోయే ఇళ్లు ఉంటాయని తోటివారు హెచ్చరించారు, అయితే నేను వెనకాడింది అందుకు కాదు. తాంబరం నుంచి అణ్ణానగర్ దాకా ఎండలో బస్సులు మారుతూ తిరగడానికి నా ఒంట్లో అప్పటికి సత్తువ లేదు. సత్తువ కోసం ఆగుదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. నిజానికి ఇల్లూ డయాలసిస్ పూర్తిగా వేరు కూడా కావు. రెండేసి లీటర్ల ద్రావణాన్ని పొట్టలోకి ఎక్కించి, రోజుకు మూడు నాలుగుసార్లు మార్చుకునే సీఏపీడీ అనే డయాలసిస్ పద్ధతి ఇంట్లోనే జరుగుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రారంభించిన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకం కింద ఆ ద్రావణం సంచులను ఇంటికే అందిస్తున్నారు.

చివరికి డయాలసిస్ యూనిట్‌నే ఎంచుకున్నాను. రోజూ అదే యంత్రం, అవే సూదులు, విసుగు పుడుతుందని చెప్పినవారున్నారు. కానీ బీపీ దిగకముందే మనిషి ఎలా మారతాడో నా ఒంటికి తెలుసు, ఆ తెలివిడి పూర్తిగా అక్కరకు వచ్చేది ఆ మంచాల మధ్యనే. పెద్దాయన అడిగినటువంటి ప్రశ్న అడిగేవారికి ఎదురుగా, ఏళ్ల తరబడి, వారానికి మూడుసార్లు అదే మనిషి నిలబడి ఉండాలని కూడా నాకు గట్టిగా అనిపించింది. అక్కడ రక్తంతో పని కనుక, చేరేముందు హెపటైటిస్ బి యాంటీబాడీల స్థాయి చూపించుకుంటే తక్కువగా ఉంది, టీకా బూస్టరు వేయించుకున్నాను.

ఇప్పుడు నాకు మూడు యంత్రాలు అప్పగిస్తున్నారు. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి బరువు మరీ పెరిగి వచ్చిన రోగిని ఎన్ని నీళ్లు తాగావని మందలించను. ఇంట్లో వంట ఎవరు చేస్తారో కనుక్కుని, తరువాతిసారి వారిని వెంటబెట్టుకుని రమ్మంటాను. దాహం పెంచే ఉప్పు ఎక్కడ ఎంత పడుతోందో, ఊరగాయ, అప్పడం, సాంబారు లెక్కలు వారితోనే మాట్లాడి, వారు చదవగలిగిన భాషలో రాసి ఇస్తాను.