జేఆర్‌ఎఫ్ డబ్బుకు మా మామిడి తోపు అడ్డమొచ్చింది

భాషాశాస్త్రంలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు) ఓబీసీ కోటాలో వచ్చింది. దానికి కావాల్సిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే ఓబీసీల్లో పైస్థాయి కుటుంబం కాదని చెప్పే కాగితం, నిన్న చేతికందింది. పరీక్షకు పడ్డ కష్టం ఒకెత్తు, ఈ కాగితానికి తిరిగిన తిరుగుడు ఒకెత్తు.

పీహెచ్‌డీ చేసే చోట్లు వెతకడం సులభమే. భాషా సాంకేతికతకు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఎల్‌టీఆర్‌సీ అనే పరిశోధన కేంద్రం ఉంది. భాషాశాస్త్రానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, మన చిత్తూరు జిల్లాలోనే కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం. విదేశాలవి లింగ్విస్ట్ లిస్ట్ వెబ్‌సైట్‌లో చూడండి. జర్మనీ, నెదర్లాండ్స్, నార్వేలలో చాలావరకు జీతమిచ్చే ఉద్యోగంగానే ప్రకటిస్తారు. జీతం, కాలం రాయని ప్రకటన అయితే ముందు డబ్బు సంగతి అడగండి. సీటు వేరు, డబ్బు వేరు. సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేకుండా చేరితే నెలకు 8,000. ఉంటే మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అదనం.

జేఆర్‌ఎఫ్ ఇచ్చే యూజీసీ నెట్ పరీక్షలో భాషాశాస్త్రం కోడ్ 31. 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. తప్పుకు మార్కులు కొయ్యరు కాబట్టి ఒక్కటీ వదలొద్దు.

ఇక సర్టిఫికెట్. మన దగ్గరుండే బీసీ కుల ధ్రువపత్రం దీనికి పనికిరాదు. ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన అక్కడా ఉంటుందని లేదు. తర్వాత కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే కావాలని తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే అర్జీలో రాయండి. నాకు మొదటిసారి రాష్ట్రానిదే ఇచ్చి పంపారు.

రెండోసారి పోతే, మా నాన్న జీతానికి తోపు మీద వచ్చేది కలిపి, 8 లక్షలు దాటింది, రాదన్నారు. నాన్న ఆర్టీసీ డ్రైవర్. మాది మూడెకరాల తోతాపురి తోపు. జీతం లెక్కకు రాదు సార్ అంటే, "ఇంత చదివినావు, ఆదాయమంటే ఏందో తెలీదా?" అని అక్కడి ఉద్యోగి వరసలో ఉన్నోళ్లందరూ వినేట్టు అన్నాడు. తోపు వ్యవసాయం కాదంట, ప్లాంటేషనంట. ఆ పూట నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి 1993 సెప్టెంబర్ 8 నాటి కేంద్ర ఉత్తర్వు మొత్తం చదివాను. జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపకూడదని షెడ్యూల్ చివర స్పష్టంగా ఉంది. 8 లక్షల పరిమితి చూసేది మిగతా ఆదాయానికి, అదీ వరసగా మూడేళ్లు దాటితేనే. ప్రభుత్వోద్యోగి పిల్లలకు తల్లిదండ్రుల హోదా చూస్తారు: ఒకరు గ్రూప్ ఎ, లేదా ఇద్దరూ గ్రూప్ బి అధికారులైతే క్రీమీలేయర్ కింద లెక్క. తోటల సంగతి కూడా అందులోనే ఉంది. కాఫీ, టీ, రబ్బరు తోటలకు ఆదాయం లెక్క. మామిడి, నిమ్మజాతి, ఆపిల్ తోటలను వ్యవసాయ భూమిగానే చూడాలి, అంటే ఆదాయం కాదు, విస్తీర్ణం లెక్క. మామిడితో బతికే చిత్తూరు జిల్లాలో ఈ ముక్క తెలియకపోతే ఎంతమంది పిల్లలకు అన్యాయం జరుగుతుందో!

ఆ వాక్యాల కింద గీత గీసి, సోమవారం అర్జీల రోజు పై అధికారికే ఇచ్చాను. ఆయన చదివారు, సంతకం పెట్టారు. అంతే.

మీరు నోటిమాటగా అడగొద్దు. అర్జీ రాసి రసీదు తీసుకోండి. ఉత్తర్వు నకలు, పట్టాదారు పాసుపుస్తకం, నాన్న ఉద్యోగ ధ్రువపత్రం జతచేయండి. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఏప్రిల్ 1 దాటితే చాలాచోట్ల కొత్తది అడుగుతారు, చేరే తేదీని బట్టి తీసుకోండి.