ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయిన మా ప్రయాణం

లావోస్ రాజధాని వియంటియాన్‌లో మెకాంగ్ నది ఒడ్డుకి దగ్గర్లో ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం థాయ్‌లాండ్ వైపు నాంగ్ ఖాయ్ దగ్గర వంతెన దాటి లావోస్‌లో అడుగుపెట్టాం. మొత్తం 64 రోజుల ప్రయాణంలో ఈరోజు అయిదోది. మావారు పడుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఆగస్టులో పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర జరిగింది ఇంకా మనసులో పచ్చిగానే ఉంది. అది రాసేస్తే గానీ ఈ ప్రయాణం నాదనిపించదు.

నేను 22 ఏళ్లు ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. ప్రతి ఏడాదీ కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్ బొమ్మ చూపించి, 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మన్ విష్ణువు కోసం కట్టించిన గుడి అని పిల్లలకి చెప్పేదాన్ని. నేను మాత్రం విమానం ఎక్కింది ఒక్కసారే, 2016లో, మా అబ్బాయి దగ్గరికి సింగపూర్‌కి. మావారు రిటైరయ్యాక, గుడి ఒక్కటే చూసి రావడం దేనికి, దారిలో ఉన్న దేశాలన్నీ నెమ్మదిగా చూద్దాం అన్నారు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి రైల్లో లావోస్ సరిహద్దు, లావోస్ నుంచి బస్సులో లావో బావో సరిహద్దు మీదుగా వియత్నాం, అక్కడ హ్యూ నగరం, మీ సన్‌లోని పాత హిందూ గుళ్లు, హనోయి, మళ్లీ రైల్లో కిందికి సైగాన్ (హో చి మిన్ సిటీ), అక్కడి నుంచి బస్సులో కంబోడియా. ఆంగ్‌కోర్ పక్కనున్న సియామ్ రీప్ నుంచి కౌలాలంపూర్‌కి విమానం, అక్కడి నుంచి ఇంటికి. మొదట కంబోడియా నుంచి బస్సులోనే థాయ్‌లాండ్ తిరిగొద్దామనుకున్నాం. 2025 జులైలో ఆ రెండు దేశాల మధ్య కాల్పులు జరిగాయి, సరిహద్దు మూసి ఉంది. అందుకే మలేషియా వచ్చి చేరింది. మన వాళ్లకి అక్కడ 30 రోజులు వీసా అక్కర్లేదు.

ఖర్చు లెక్క మావారిది. విమానం, వీసాలు కాక ఇద్దరికీ కలిపి రోజుకి 4 వేలు. నోటుబుక్కులో గీతలు కొట్టుకుని అన్నీ రాశారు. రాత్రి బస్సులు ఎక్కనని నేను, గది డబ్బు మిగులుతుందని ఆయన, రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి రాత్రి రైలుకి ఒప్పుకున్నాను, బస్సుకి కాదు. ఆంగ్‌కోర్‌లో మూడు రోజుల టికెట్ మనిషికి 62 డాలర్లు. ఒక్కరోజుది 37 డాలర్లే కదా అన్నారు. అక్కడ మాత్రం నేను తగ్గలేదు. క్షీరసాగర మథనం చెక్కిన గోడ ముందు నేను ఒక పూటంతా నిలబడాలి.

మేం వెళ్లేనాటికి, 2025లో, థాయ్‌లాండ్‌కి వీసా అక్కర్లేకపోయింది, 60 రోజులు ఉండనిచ్చేవారు. వెళ్లే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. దానికి డబ్బులడిగే సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త. లావోస్ వీసా సరిహద్దులోనే ఇస్తారు. డాలర్లు మాత్రం మడత పడని కొత్త నోట్లు పట్టుకెళ్లండి. ఇవన్నీ తేలికే. అసలు కష్టం వియత్నాం ఈ-వీసా దగ్గర మొదలైంది.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. 2016లో ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే ఇచ్చారు, నా పేరు ఒక్కటే. సింగపూర్ టికెట్ ఏజెంటే తీశాడు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఈసారి వీసా దరఖాస్తు నేనే నింపాను. ఇంటిపేరు అడిగిన చోట, పెళ్లయి 32 ఏళ్లయింది కదా అని మావారి ఇంటిపేరు రాసేశాను. 25 డాలర్లు కట్టాను. నాలుగో రోజుకి వీసా వచ్చింది. అప్పుడు గానీ గమనించలేదు, వీసా మీద ఉన్న పేరు నా పాస్‌పోర్టులో లేదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపించొచ్చని అందరూ చెప్పారు. కట్టిన డబ్బు తిరిగి రాదు. మా ఊరి ట్రావెల్ ఏజెంటుని అడిగితే, "ఏం కాదమ్మా, టికెట్లో మీ పేరే రెండుసార్లు కొట్టేస్తాను, అందరికీ అలాగే చేస్తున్నాం" అన్నాడు. విమానానికి అది చెల్లుతుందేమో. ఐదు దేశాల్లో ఐదుగురు ఆఫీసర్లకి నా పేరు రెండుసార్లు ఎందుకుందో నేను చెప్పుకోలేను. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరున్న వాళ్లకి విజిట్ వీసా ఇవ్వబోమన్న సంగతి కూడా గుర్తుంది. పాస్‌పోర్టే సరిచేయించుకుందామని 1,500 కట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఏ ఊళ్లో ఏ కేంద్రమో రాయను. రాజమండ్రి నుంచి తెల్లవారుజామున బయల్దేరి వెళ్లాం. మొదటి కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు పది నిమిషాల్లో అయిపోయాయి. రెండో కౌంటర్లో మా అబ్బాయి వయసు కుర్రాడు ఉన్నాడు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "మీ ఆయన ఇంటిపేరు కావాలంటే పెళ్లి సర్టిఫికెట్ ఏదమ్మా?" అన్నాడు.

"మాది 1993లో అన్నవరంలో జరిగిన పెళ్లి బాబూ. అప్పుడు ఎవరు రిజిస్టర్ చేయించుకున్నారు?" అన్నాను.

"మరి ఈయన మీ భర్తేనని నేనెలా నమ్మాలి?"

గట్టిగా అడిగాడు. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లంతా మా వైపు చూశారు. పాత పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంది కదా అని చూపించాను. "అది వేరు, ఇంటిపేరు మార్పు వేరు" అన్నాడు. మావారు కౌంటర్ దగ్గరికి వచ్చి ఆధార్ ఇవ్వబోతే, "మీరు కూర్చోండి సార్, ఆవిడతో మాట్లాడుతున్నాను" అన్నాడు. ఆయన వెళ్లి కూర్చున్నారు. 32 ఏళ్లలో ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను చూడలేదు. ఫైలు వెనక్కి నెడుతూ ఆ కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఈ వయసులో టూర్ల కోసం ఇంత అవస్థ దేనికమ్మా?"

నేను వందల మంది పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. ఆ క్షణంలో నోట మాట రాలేదు. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి ఏడ్చాను. రూలు ఉంటే ఉండనివ్వండి, కాగితం తెమ్మని మెల్లగా చెప్పొచ్చు. కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లకి అది రోజులో యాభయ్యో ఫైలు కావచ్చు. ఇవతల నిలబడ్డవాళ్లకి అది వాళ్ల బతుకు.

తర్వాత పెళ్లి రిజిస్టర్ చేయించడానికి తిరిగాం. శుభలేఖ కావాలన్నారు, ముగ్గురు సాక్షులు కావాలన్నారు. శుభలేఖ మా దగ్గర లేదు. మా పెళ్లికి సంతకం పెట్టగల పెద్దవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. ఆఫీసు బయట కూర్చున్న ఒకాయన 8 వేలిస్తే అన్నీ తనే చూసుకుంటానన్నాడు. మావారు ఇచ్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. నా పెళ్లి నిజం. దానికి లంచం ఎందుకు ఇవ్వాలి?

ఆ రాత్రి పెట్టె తీసి పెళ్లి ఫొటోలు వెతుకుతుంటే, అడుగున నా పదో తరగతి మెమో కనపడింది. అందులో నా పేరు ముందు మా నాన్నగారి ఇంటిపేరు పూర్తి అక్షరాలతో ఉంది. ఎవరి సంతకం అక్కర్లేని కాగితం. నేను చదివి సంపాదించుకున్నది. మావారిని లేపి చూపించాను. ఒక్క నిమిషం ఆలోచించి, "ఇదే పెట్టించు. ఇది మొదటి నుంచీ నీదే కదా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఎప్పుడూ ఉంది, ఆరోజు ఇంకా పెరిగింది. మా ఆడపడుచు మాత్రం పెళ్లయినదానివి పుట్టింటి పేరేమిటని ఫోన్‌లో గంటసేపు మాట్లాడింది. విన్నాను, మారలేదు.

మెమో పెట్టి ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించాను, అప్పట్లో 50 రూపాయలు అయింది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, స్పెల్లింగ్ మూడుసార్లు చూసుకుని మరీ సంతకం పెట్టండి. సెప్టెంబరులో మళ్లీ అదే కేంద్రానికి వెళ్లాను. ఈసారి రెండో కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. మెమో చూసింది, ఆధార్ చూసింది, "సరిపోయిందండి" అంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక పాస్‌పోర్టు స్పీడ్‌పోస్టులో వచ్చింది. వియత్నాం వీసాకి మళ్లీ 25 డాలర్లు కట్టాను. ఈసారి అక్షరం పొల్లుపోలేదు. మావారి వీసా, కంబోడియా వీసా, రెండు దేశాల అరైవల్ కార్డులు, అన్నీ ఏజెంటు సాయం లేకుండా నేనే పూర్తి చేశాను.

ఆడపిల్లలున్న వాళ్లకి ఒకటే చెబుతున్నాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు, ఎవరి ఇంటిపేరన్నది అమ్మాయినే అడగండి. పెళ్లి చేస్తే ఆ నెలలోనే రిజిస్టర్ చేయించండి. సాక్షులు బతికుండగానే చేయించండి.

శంషాబాద్‌లో చెకిన్ దగ్గర తిరుగు టికెట్ అడిగారు, కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్‌ది చూపించాం. మా ఇద్దరి ఇంటిపేర్లు వేరేగా ఎందుకున్నాయని ఎవరూ అడగలేదు. నిన్న లావోస్ సరిహద్దులోనూ అడగలేదు. ఆఫీసర్ నా ముఖం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, ముద్ర కొట్టాడు. మావారు నా వెనకే నిలబడి ఉన్నారు, తర్వాత ఆయనది.

రేపు పొద్దున లువాంగ్ ప్రబాంగ్ రైలుంది, రెండు గంటల ప్రయాణం. హైదరాబాద్ బోర్డింగ్ పాసు మాత్రం పారేయకుండా నోటుబుక్కులో పెట్టుకున్నాను. దాని మీద మా నాన్నగారి ఇంటిపేరు, పక్కన నా పేరు ఉన్నాయి.