జనవరి 12, 1991 నాటి టేపు

ఈ రోజు ఆదివారం. వారం రోజుల బట్టలు ఉతికాను, పప్పుచారు పెట్టాను, ఇండియన్ స్టోరుకు వెళ్లి కందిపప్పు, కరివేపాకు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం భోజనం కాగానే, నిన్న రాత్రి ఐదు డాలర్లు కట్టి ఇంటర్నెట్ నుంచి దింపుకున్న ఒక పాత కచేరీ రికార్డింగును ఆ కచేరీ జరిగిన చోటే కూర్చుని వినాలనిపించి, వర్జీనియా నుంచి మెట్రో రైలెక్కి వాషింగ్టన్‌లోని ఫారగట్ వెస్ట్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లాఫయెట్ పార్కుకు నడిచి వెళ్లడానికి ఐదారు నిమిషాలు చాలు.

కచేరీ చేసినది ఫుగాజీ. ఇయన్ మెకై, గీ పిచోటో గిటార్లు వాయిస్తూ పాడగా, జో లాలీ బేస్ గిటారు, బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్ వాయించే ఈ పంక్ బ్యాండు వాషింగ్టన్ నగరంలోనే పుట్టింది. పంక్ అంటే గట్టిగా, కోపంగా వాయించే ఒక రకం రాక్ సంగీతం. 1987 సెప్టెంబరు 3న తొలి కచేరీ చేసిన నాటి నుంచి 2002 నవంబరు 4న లండన్‌లో చివరి కచేరీ చేసేదాకా వెయ్యికి పైగా వేదికలెక్కారు. వీలైనంత వరకు టికెట్టు ఐదు డాలర్లు దాటనివ్వలేదు, ఏ వయసు వారినైనా లోపలికి రానిచ్చారు. ముందు వరుసల్లో ఎవరైనా పక్కవాళ్లను తోసి గాయపరుస్తుంటే పాట ఆపేసి, వారి ఐదు డాలర్లు వారి చేతిలో పెట్టి బయటకు పంపేవారు. పాటల వరుసను ముందుగా రాసుకునే అలవాటు కూడా వారికి లేదు. ఒకరు మొదలుపెడితే మిగతా ముగ్గురు అందుకునేవారు.

వారి వెంట తిరిగిన సౌండ్ ఇంజినీర్లు ఆ కచేరీల్లో ఎనిమిది వందలకు పైగా టేపుల మీదికి ఎక్కించి దాచారు. మెకై 1980లో మిత్రులతో కలిసి స్థాపించిన డిస్కార్డ్ రికార్డ్స్ సంస్థ 2011 డిసెంబరు నుంచి వాటిని విడతలుగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఒక్కో కచేరీకి వారు అడిగే ధర, ఆ రోజుల్లో గుమ్మం దగ్గర తీసుకున్న ఐదు డాలర్లే. అంత ఇవ్వలేని వారు ఒక్క డాలరు ఇచ్చినా చాలు. నాకు అన్నింటికంటే నచ్చినది వారి నిజాయితీ. ప్రతి రికార్డింగుకూ అది క్యాసెట్టు నుంచి తీసినదో డిజిటల్ టేపు నుంచి తీసినదో, శబ్దం బాగుందో అంతంతమాత్రమో వారే రాసి పెడతారు. బాగా కుదిరిన రాత్రులను మాత్రమే ఏరి చూపించుకోకుండా, గొంతు బొంగురుపోయిన రాత్రిని, తీగ తెగిన రాత్రిని కూడా దాచి ఉంచడం కళాకారులకు అంత తేలికైన పని కాదని నేను నమ్ముతాను.

ఇన్ని వందల కచేరీల్లో నేను దీనినే ఎంచుకోవడానికి కారణం మా మావయ్య. రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊరి నుంచి 1980ల్లో కువైట్ వెళ్లిన వారిలో ఆయన ఒకరు. ఒక ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు దాటి, అమ్మాన్‌లో గుడారాల మధ్య రోజులు లెక్కపెట్టుకుని, ఎయిర్ ఇండియా విమానాల్లో వెనక్కి వచ్చిన లక్షమందికి పైగా భారతీయుల్లో ఒకడిగా బొంబాయిలో దిగాడు. నడుముకు గుడ్డలో చుట్టి తెచ్చిన కువైట్ దినార్లను మార్చేవాడు దారిలో ఎక్కడా దొరకలేదు. ఆ నోట్లలో ఒకటి ఇప్పటికీ ఆయన ట్రంకు పెట్టెలో, పాస్‌పోర్టు మడతలో ఉంది. చిన్నప్పుడు దాన్ని వెలుతురుకు పట్టి చూసేదాన్ని. అడ్డంగా పడిన మడత దగ్గర కాగితం బట్టలా మెత్తబడి పోయింది.

1991 జనవరి 12న అమెరికా చట్టసభలు ఇరాక్ మీద యుద్ధానికి అనుమతి ఇచ్చాయి. సెనేట్‌లో 52 మంది అనుకూలంగా, 47 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రతినిధుల సభలో 250 మంది అవునన్నారు, 183 మంది కాదన్నారు. ఆ ఓట్లు పడిన కాపిటల్ భవనానికి రెండు మైళ్ల దూరం కూడా లేని ఈ పార్కులో, అదే రోజు, ఫుగాజీ యుద్ధానికి వ్యతిరేకంగా ఉచితంగా వాయించింది. వారితో కలిసి ఆ నిరసనను నడిపినది పాజిటివ్ ఫోర్స్ అనే కార్యకర్తల బృందం. ఇరాక్ కువైట్ నుంచి వెనక్కి మళ్లడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన గడువు జనవరి 15. మర్నాడు, 16వ తేదీ సాయంత్రం వాషింగ్టన్ వారు రాత్రి భోజనాలకు కూర్చునే వేళకు బాగ్దాద్ మీద బాంబులు పడటం మొదలైంది.

పార్కు మధ్యలో ముందరి కాళ్లు పైకెత్తిన గుర్రం మీద అమెరికా పూర్వ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ విగ్రహం ఉంది. పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ లాఫయెట్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని, మాత్రం ఒక మూలన నిలబడి ఉంటాడు. ఆ మూలకు దగ్గరగా, వైట్‌హౌస్ కనిపించే బెంచీ మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎదురుగా పెన్సిల్వేనియా అవెన్యూలో ఇప్పుడు కార్లు తిరగవు, 1995లోనే ఆపేశారు. ఇద్దరు పిల్లలు స్కేట్‌బోర్డుల మీద జారుతున్నారు. నా చెవుల్లో మాత్రం అదే రోడ్డు మీద ఇంకా కార్లు తిరుగుతున్న కాలం నడుస్తున్నది.

ఫుగాజీ సంగీతంలో నన్ను మొదట పట్టుకున్నది జో లాలీ బేస్. గిటార్లు రెండూ ఒకదానినొకటి గీరుకుంటూ, అరుచుకుంటూ పోతుంటే, అది మాత్రం కింద నింపాదిగా, జమైకా రెగ్గే సంగీతం వాయించేవారి తీరున, పాటను భుజాన మోసుకుని నడుస్తుంది. ఈ రోజు దానికంటే ఎక్కువగా విన్నది పాటకూ పాటకూ మధ్య ఉన్న వ్యవధిని. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లో ఆ సందు రెండు సెకన్ల ఖాళీ. ఇక్కడ ఆ సందులో మనుషులున్నారు. చలికి బిగుసుకున్న వేళ్లతో తీగలు సరిచేసుకునేవారు, ఏదో చెప్పాలని మైకు దగ్గరికి వచ్చేవారు, దూరం నుంచి కేక వేసేవారు. వారిలో ఎవరికీ జనవరి 16 తెలియదు. ఇంకా ఆపగలమేమో అనుకుంటున్న మనుషుల శ్వాస ఆ టేపులో ఉంది. జరిగినదంతా తెలిసిన నేను మధ్యలో రెండుసార్లు వినడం ఆపి, ఎదురుగా ఉన్న ఆ తెల్లని భవనాన్ని చూస్తూ ఊరకే కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ తెల్లవారి కాఫీలయ్యే వేళకు, మావయ్యకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన పంక్ అన్న మాట ఇదే మొదటిసారి విన్నాడు. ఆ జనవరిలో తను ఏం చేస్తుండేవాడో అడిగాను.

“ఏం చేస్తానమ్మడూ, అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. యుద్ధం లేకుండా తేలిపోతే మళ్లీ వెళ్లొచ్చు, డ్యూటీలో చేరొచ్చు, నెలన్నర జీతం బాకీ ఉంది అడగొచ్చు అని. మీ అత్తయ్య వార్తలైపోయాక రేడియో కట్టేసేది, నేను మళ్లీ పెట్టేవాణ్ణి” అన్నాడు. కాసేపాగి, “అక్కడ వాళ్ల ఊళ్లోనే వద్దన్నవాళ్లు ఉన్నారా? ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు” అన్నాడు.

ఫోన్‌ను స్పీకరు పక్కన పెట్టి ఒక పాట మొత్తం వినిపించాను. చాలా గట్టిగా ఉంటుందని ముందే చెప్పాను కానీ, ఆయన ఒక్క మాట కూడా మధ్యలో అనలేదు. పాట అయ్యాక జనం చప్పుడు, దాని వెనుక ఎవరిదో మాట. అంతవరకూ విని, మాటలు తనకు అర్థం కాలేదనీ, ఎవరో చాలా కోపంగా, చాలా బాధగా చెబుతున్నట్టు మాత్రం తెలిసిందనీ అన్నాడు. అంత చలిలో వాళ్ల వేళ్లు ఎలా ఆడాయని అడిగాడు. జనం ఎంతమంది వచ్చారని అడిగాడు.

తర్వాత, “మొదట్నించీ పెట్టమ్మా, వింటాను” అన్నాడు.